జవాబు రాని రోజుల్లో దేవుని కోసం కనిపెట్టడం ఎలా

ఏళ్ల తరబడి ఒకే విన్నపం చేస్తూ దేవుని జవాబు కోసం కనిపెడుతున్న, అంటే ఎదురుచూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. సంతానం కావచ్చు, స్వస్థత కావచ్చు, ఉద్యోగం కావచ్చు, ఇల్లు విడిచిపోయిన బిడ్డ తిరిగి రావడం కావచ్చు. ప్రార్థన మానెయ్యడానికి మనసొప్పదు, చేద్దామంటే మాట రాదు. "ఓపిక పట్టు, దేవుని సమయం రావాలి" అని అందరూ అంటారు. ఆ ఓపికను పొద్దున లేచింది మొదలు ఎలా పట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. బైబిలు పక్కన పెట్టుకుని చదవండి. ప్రస్తావించిన చోట్లు తెరిచి చూసుకుంటే మేలు, ఎందుకంటే కొన్నిచోట్ల మనం ప్రసంగాల్లో విన్నదానికీ అక్కడ రాసి ఉన్నదానికీ తేడా ఉంది.

ముందు, దేనికోసం కనిపెడుతున్నారో కాగితం మీద పెట్టండి

మీ విన్నపాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "అంతా బాగుండాలి" అని కాకుండా, ఫలానాది జరగాలి అని రాయండి. దాని కింద ఇది రాయండి: ఇది దేవుడు తన వాక్యంలో ఇచ్చిన మాటా, నా మనసు కోరుకుంటున్నదా, లేక ఎవరో నాకోసం ప్రార్థించి "ఈ సంవత్సరమే జరుగుతుంది" అని చెప్పినదా?

మూడూ ఒకటి కావు. "నిన్ను విడువను" అన్నది వాగ్దానం. ఫలానా ఉద్యోగం రావాలన్నది కోరిక. కోరుకోవడం తప్పేమీ కాదు. హన్నా బిడ్డను కోరుకుంది, దేవుని మందిరంలోనే నిలబడి అడిగింది. చిక్కు ఎక్కడొస్తుందంటే, కోరికకు వాగ్దానమని పేరు పెట్టుకున్నప్పుడు. అది జరగకపోతే దేవుడు మాట తప్పాడనిపిస్తుంది, ఆయన ఇవ్వని మాటకు ఆయన్ని నిలదీస్తాం. నేను చూసినంతలో, ఆలస్యం కన్నా ఈ కలగాపులగమే ఎక్కువమంది విశ్వాసాన్ని దెబ్బతీస్తుంది.

మూడోదాని గురించి, అంటే ఎవరో చెప్పిన గడువు గురించి, యిర్మీయా 28, 29 అధ్యాయాలు కలిపి చదవండి. యెరూషలేము నుంచి కొందరు అప్పటికే బబులోనుకు చెరపట్టబడి వెళ్లారు. హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని దేవుని పేరున చెప్పాడు. వినడానికి ఎంత హాయిగా ఉండి ఉంటుంది! యిర్మీయా కూడా ముందు "ఆమేన్, అలాగే జరగాలి" అన్నాడు. కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. అసలు గడువు డెబ్బై ఏళ్లు. చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో, అందరం కంఠస్థం చేసే 29:11 కంటే సరిగ్గా ఒక్క వచనం ముందు, ఆ డెబ్బై ఏళ్ల మాట ఉంది. దానికన్నా ముందు ఏముందో చూడండి: ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి ఫలం తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. హనన్యాను నమ్మినవాడు తోట నాటడు. రెండేళ్లలో వెళ్లిపోయేవాడికి తోటెందుకు?

కాబట్టి మీ కాగితం మీద ఎవరో చెప్పిన తేదీ ఉంటే దాన్ని కొట్టెయ్యండి. చెప్పినవారి మీద కోపం అక్కర్లేదు. ఆ తేదీ మీద మాత్రం మీ విశ్వాసాన్ని ఆనించకండి. నిజంగా దేవుని మాటే అయితే మీరు కొట్టేసినంత మాత్రాన ఆగిపోదు.

దేవుని దగ్గరే మొర పెట్టండి

కనిపెట్టడం అంటే నోరు మూసుకుని నవ్వుతూ ఉండటం అనుకునేవారు చాలామంది. 13వ కీర్తన చూడండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలోనే ఎన్నాళ్లు, ఎంతకాలం, ఎంతవరకు అని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు. నన్ను మరచిపోయావా అని కూడా అడుగుతాడు. ఈ కీర్తన గాయకుల చేతికి వెళ్లింది, ఆరాధనలో పాడారు. అంటే దేవుని ఇంట్లో ఈ ప్రశ్న నిషిద్ధం కాదు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులు కూడా బాధపడ్డారు గానీ వాళ్లు గుడారాల్లో కూర్చుని ఒకరితో ఒకరు సణిగారు. దావీదు అదే బాధను తీసుకుని దేవుని ఎదుటికి వెళ్లాడు. తేడా అక్కడే ఉంది, మాట కటువుదనంలో కాదు.

ఇలా చేయండి. తలుపేసుకుని 13వ కీర్తన మొదటి నాలుగు వచనాలు పైకి చదవండి. శత్రువు అని ఉన్నచోట మీ కష్టం పేరు పెట్టండి. తర్వాత మీ సొంత మాటల్లో, మెరుగులు దిద్దకుండా, ఉన్నదున్నట్టు చెప్పండి. కోపమొస్తే కోపమే చెప్పండి. చివరి రెండు వచనాలు ఆనందంతో ముగుస్తాయి. ఆ రోజు మీ నోటికి అవి రాకపోతే అక్కడే ఆపెయ్యండి. 88వ కీర్తన రాసినవాడికీ రాలేదు. ఆ కీర్తన చీకటి దగ్గర మొదలై చీకటి దగ్గరే ముగుస్తుంది, అయినా దాన్ని కీర్తనల గ్రంథంలో నుంచి ఎవరూ తీసెయ్యలేదు.

ప్రార్థన చిన్నదైనా సరే, వేళ తప్పనివ్వకండి

బాధ ఎక్కువైనప్పుడు పెద్ద పెద్ద తీర్మానాలు చేస్తాం: రాత్రంతా ప్రార్థన, నలభై రోజుల ఉపవాసం. వారం తిరక్కుండా అలసిపోతాం, పైగా మాట నిలబెట్టుకోలేదన్న నేరభావం ఒకటి. దానికి బదులు దానియేలును చూడండి. రాజుకు తప్ప ఎవరికీ విన్నపం చేయకూడదని శాసనం వచ్చిన రోజున ఆయన కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు, అంతకుముందు చేస్తున్నట్టే రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఆపదలో ఆయన్ని నిలబెట్టింది ఆ పాత అలవాటు.

పది నిమిషాలు చాలు, రోజూ అదే వేళ, అదే చోట. మాటలు దొరకని రోజున ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పి లేవండి. ఏ అనుభూతీ కలగకపోయినా ఆ పది నిమిషాలు వృథా కాలేదు. మదర్ థెరిసా 1997లో చనిపోయారు. 2007లో బయటికొచ్చిన ఆమె ఉత్తరాల్లో, దశాబ్దాల పాటు దేవుని సన్నిధి తనకు తెలియలేదని, లోపల అంతా చీకటేనని ఆమే రాసుకున్నారు. అయినా ప్రతి రోజూ ప్రార్థనకు కూర్చున్నారు, పనికి వెళ్లారు. అనుభూతి లేదు కాబట్టి విశ్వాసం లేదు అని మీ మీద మీరే తీర్పు చెప్పుకోవద్దు.

ఉపవాసం గురించి ఒక్కమాట. షుగరు ఉన్నవారు, గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా ఉపవాసం చేయొద్దు. దేవుణ్ణి ఒప్పించడానికి ఆకలిని బేరం పెట్టే ఉపవాసం ఆరోగ్యంగా ఉన్నవారికీ అక్కర్లేదు.

చేతిలో ఉన్న పని ఆపకండి

"దేవుడే చూసుకుంటాడు" అని దరఖాస్తు పెట్టకుండా, వైద్యుడి దగ్గరికి పోకుండా కూర్చోవడం కనిపెట్టడం కాదు. హిజ్కియా రాజు చావుకు దగ్గరైనప్పుడు దేవుడు యెషయా ద్వారా స్పష్టంగా మాటిచ్చాడు: బాగుచేస్తాను, ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తాను అని. ఆ వెంటనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉన్నచోటే మందు కూడా వేశారు. ప్రార్థన చేయించుకున్నాం కదా అని మందులు ఆపమనేవారు ఎంత పెద్ద దైవసేవకులైనా సరే, ఆ మాట వినకండి.

యోసేపు సంగతి చూద్దాం. పదిహేడేళ్ల వయసులో కలలు, ముప్ఫయ్యో ఏట ఫరో ఎదుట. మధ్యలో అమ్ముడుపోవడం, అబద్ధపు నింద, చెరసాల. చెరసాలలో ఒక పొద్దున ఆయన తోటి ఖైదీల ముఖాలు చూసి, ఎందుకలా దిగులుగా ఉన్నారని అడిగాడు. తన సొంత దిగులు తక్కువేమీ కాదు, అయినా ఎదుటివాడి ముఖం చూడగలిగాడు. ఆయన బయటికి రావడానికి దారి మొదలైంది ఆ ప్రశ్న దగ్గరే. ఇంకో సంగతి. ఆ ఖైదీల్లో ఒకడైన ఫరో పానదాయకుడు విడుదలవుతున్నప్పుడు, నా గురించి ఫరోకు చెప్పమని యోసేపు అడిగాడు. అతను మరచిపోయాడు, ఇంకో రెండేళ్లు గడిచాయి. మనుషుల మీద ఆధారపడ్డాడు గనుక దేవుడు ఆ రెండేళ్లూ శిక్ష వేశాడని చెప్పే ప్రసంగం నేను విన్నాను, మీరూ వినే ఉంటారు. ఆదికాండంలో అలాంటి మాట ఎక్కడా లేదు. పానదాయకుడు మరచిపోయాడని మాత్రమే ఉంది. చివరికి ఫరోతో చెప్పింది కూడా అతనే. సాయం అడగడం అవిశ్వాసం కాదు, అడగండి.

పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఎక్కువ. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు కిస్లేవు మాసంలో వచ్చింది. ఆయన ఏడ్చి, ఉపవాసముండి, ప్రార్థించాడు. రాజుతో మాట్లాడే అవకాశం నీసానులో గానీ రాలేదు. దాదాపు నాలుగు నెలలు. రాజు "నీకేం కావాలి?" అని అడిగిన క్షణంలో నెహెమ్యా లోలోపల ఒక చిన్న ప్రార్థన చేసి, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: ఎంతకాలానికి తిరిగొస్తాడో, నది అవతలి అధికారులకు ఏ ఉత్తరాలు కావాలో, గుమ్మాలకూ గోడకూ కలప ఇప్పించడానికి రాజు అడవుల కాపరి అయిన ఆసాపుకు ఏమని రాయాలో. ఇవన్నీ ఆ నిమిషంలో తట్టినవి కావు. ఆ నాలుగు నెలలూ ఆయన ప్రార్థిస్తూ లెక్క వేసుకున్నాడు.

మీరు కూడా మొదటి కాగితం వెనక వైపు ఇది రాయండి: రేపు పొద్దున జవాబు వస్తే నాకేం కావాలి? నేర్చుకోవలసిన పని ఏదైనా ఉందా, తీర్చవలసిన అప్పు ఉందా, రాజీ పడవలసిన మనిషి ఉన్నాడా, సిద్ధం చేయవలసిన కాగితాలున్నాయా? అందులో ఒకటి ఈ వారంలో మొదలుపెట్టండి.

అడ్డదారిని గుర్తుపట్టడం

ఎదురుచూపు బాగా సాగాక, దాదాపు తప్పకుండా, ఒక తేలికైన దారి కనిపిస్తుంది. సంతానం ఇస్తానని దేవుడు మాటిచ్చిన అబ్రాము కనానులో కాపురముండి పదేళ్లయ్యాక, భార్య శారయికి తట్టిన ఆలోచన అలాంటిది: దాసి హాగరు ద్వారా బిడ్డను కనడం. ఆ కాలపు రివాజులో అది పెద్ద తప్పుగా కూడా కనిపించలేదు. ఇష్మాయేలు పుట్టేటప్పటికి అబ్రాముకు 86 ఏళ్లు, శారయికే ఇస్సాకు పుట్టేటప్పటికి 100. ఆ తొందరపాటుకు మూల్యం చెల్లించింది ఎవరు? ఒక రొట్టె, ఒక నీళ్ల తిత్తి ఇచ్చి అరణ్యంలోకి పంపేసిన తల్లీ కొడుకూ.

అందుకే అడ్డదారిని ఇలా పరీక్షించండి. దీనికోసం నేను ఎక్కడైనా అబద్ధమాడాలా? దీని ఖరీదు నాకు బదులు ఇంకెవరైనా చెల్లిస్తున్నారా? దీన్ని నేను గౌరవించే పెద్దకు చెప్పడానికి నోరు వస్తుందా? ఏ ఒక్కదాని దగ్గర తడబడినా ఆగండి. సౌలు రాజు గిల్గాలులో సమూయేలు ప్రవక్త కోసం ఏడు రోజులు ఆగాడు, జనం చెదిరిపోతున్నారని భయపడి తానే బలి అర్పించాడు, అది ముగించగానే సమూయేలు వచ్చాడు. భయంలో ఉన్నప్పుడు మార్చలేని నిర్ణయం తీసుకోకండి. ఒక రాత్రి నిద్రపోయి చూడండి.

కానీ ఓర్పు పేరుతో దెబ్బలు తినమని నేను చెప్పడం లేదు. రాజ్యం కోసం దావీదు ఏళ్ల తరబడి కనిపెట్టాడు. గుహలో సౌలు తన చేతికి చిక్కినప్పుడు బట్ట చెంగు మాత్రం కోసి, మనిషిని వదిలేశాడు. ఆ చెంగు కోసినందుకే మనసు నొచ్చుకున్నాడు. అదే దావీదు, సౌలు ఈటె విసిరినప్పుడు తప్పుకుని ఆ రాత్రే పారిపోయాడు. దేవుడు సౌలును మారుస్తాడని ఆ గదిలోనే కూర్చోలేదు. ఇంట్లో కొడుతున్న భర్త మారాలని ప్రార్థిస్తున్న అక్కచెల్లెళ్లు ఇది పదేపదే చదవాలి. ప్రార్థన ఈటె అందని చోటు నుంచి కూడా చేయవచ్చు.

ఒంటిని పట్టించుకోండి

ఏలీయా చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు హోరేబులో మాట్లాడింది ఆ తర్వాతే. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం వారాల తరబడి సాగినా, బతకాలని లేదనిపించినా అది మీ విశ్వాసం లోపమని సర్దిచెప్పుకోకండి. ఇంట్లో ఒకరికి ఈ రోజే చెప్పి వైద్యుణ్ణి కలవండి.

ఎవరితో పంచుకోవాలి

అందరికీ చెప్పకండి. కనిపించిన ప్రతివారూ "ఏమైంది, ఇంకా కాలేదా?" అని అడగడం మొదలుపెడితే మోయలేరు. ఒకరిద్దరిని ఎంచుకోండి. ఎంచుకోవడానికి కొలత ఒకటే: వాళ్లు పక్కన ఊరికే కూర్చోగలరా? యోబు స్నేహితులు మొదటి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాటా మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచి కారణాలు వెతకడం మొదలుపెట్టాక పాడుచేశారు, చివర్లో దేవుడు వాళ్ల మీదే కోపించాడు. "నీలో ఏదో దాచిన పాపం ఉంది, అందుకే జవాబు రావడం లేదు" అనేవారికి మర్యాదగా నమస్కారం చెప్పి దూరం జరగండి.

జవాబు వచ్చిందని ఇతరులు చెప్పే సాక్ష్యాలు వినడం కొన్ని రోజుల్లో కష్టంగా ఉంటుంది. సంతానం కోసం కనిపెడుతున్న ఆమెకు మరొకరి కడుపు పండిన వార్త గుచ్చుకుంటుంది. ఏటేటా సవతి పెనిన్నా మాటలకు హన్నా తిండి మానేసి ఏడ్చింది, దానికి దేవుడు ఆమెను గద్దించలేదు. సంతోషించలేకపోతే నటించనక్కర్లేదు, ఒక్క మాట అభినందన చెప్పి, ఇంటికొచ్చి ఏడవండి. ప్రార్థన చేసి లేచిన హన్నా భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది అని రాసి ఉంది. అప్పటికింకా బిడ్డ లేడు.

మరొకరు మారాలని కనిపెడుతుంటే

ఇది అన్నిటికన్నా పొడుగైన ఎదురుచూపు, ఎందుకంటే అవతలి మనిషికి తన సొంత ఇష్టం ఉంటుంది. తర్వాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీను తల్లి మోనికా కొడుకు కోసం ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించింది. అతను ఆఫ్రికా వదిలి రోముకు వెళ్తానంటే, వెళ్లనివ్వొద్దని దేవుణ్ణి వేడుకుంది. కొడుకు ఆమెకు అబద్ధం చెప్పి రాత్రికి రాత్రే ఓడ ఎక్కాడు. ఆ రాత్రి ఆమె చేసిన ప్రార్థన నెరవేరలేదు. కానీ ఆ ప్రయాణమే అతన్ని రోము మీదుగా మిలానుకు, అంబ్రోసు బిషప్పు దగ్గరికి చేర్చింది. 387లో అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. మోనికా అది కళ్లారా చూసి, అదే ఏడాది కన్నుమూసింది.

మీరు చేయగలిగింది: రోజూ ఆ మనిషి పేరెత్తి ప్రార్థించండి. కలిసినప్పుడల్లా బోధ చేయకండి. మోనికా ఒక బిషప్పు దగ్గరికెళ్లి కొడుకుతో వాదించమని బతిమాలితే, ఆయన ఇప్పుడు వద్దు, ప్రార్థన చెయ్యి అన్నాడు. ఫోన్ చేసినప్పుడు తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది అని అడిగి పెట్టెయ్యడం కూడా చాలు.

"కాదు" అన్న జవాబు వస్తే

దీని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. కనిపెట్టిన ప్రతిదీ చివరికి దొరుకుతుందని వాక్యం చెప్పలేదు. మోషే వాగ్దాన దేశంలో అడుగుపెడతానని బతిమాలితే, ఇక ఈ సంగతి నాతో ఎత్తవద్దని దేవుడు అన్నాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. నా కృప నీకు చాలును అన్న మాట వచ్చింది, ముల్లు ఉండిపోయింది. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల పేర్లన్నీ చెప్పి, చివర్లో వీరంతా వాగ్దాన ఫలం అనుభవించకుండానే పోయారని రాస్తుంది.

అది మూసుకున్న తలుపో, ఆలస్యమైన తలుపో ఎలా తెలుస్తుంది? నా దగ్గర సూత్రం లేదు. అయితే కొన్నిటికి జవాబు కళ్లెదుటే ఉంటుంది: మనం కోరుకున్న వ్యక్తికి వేరొకరితో పెళ్లైపోతుంది, బతకాలని కోరుకున్న మనిషి చనిపోతాడు. దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు ఉపవాసముండి నేల మీద పడుకున్నాడు. బిడ్డ పోయాడని తెలిశాక లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, తర్వాత ఇంటికొచ్చి భోజనం చేశాడు. సేవకులకు అర్థం కాలేదు. మీరు లేవడానికి ఏడు రోజులకన్నా ఎక్కువ పట్టవచ్చు, దానికి సిగ్గుపడొద్దు. ఆ విన్నపం ఉన్న కాగితాన్ని మాత్రం పక్కన పెట్టి, ఇకమీద ప్రార్థనలో దాని చోట వేరే మాట పెట్టండి: ఇప్పుడు నేనేం చేయాలి?

"అవును" అని వస్తే

హన్నా సమూయేలును తీసుకుని ఏలీ దగ్గరికి వచ్చి, ఆ రోజు ఇక్కడ నిలబడి ప్రార్థించిన స్త్రీని నేనే అని చెప్పింది. మీతో పాటు కనిపెట్టిన ఆ ఒకరిద్దరికి ముందు చెప్పండి, ఇంకా జవాబు రానివారు అందులో ఉంటే వాళ్లకు విడిగా చెప్పండి. మొక్కుకున్నది ఉంటే తీర్చండి. సాక్ష్యం చెప్పేటప్పుడు "నేను గట్టిగా నమ్మాను గనుక ఇచ్చాడు" అని చెప్పకండి. వెనక వరుసలో మీకన్నా గట్టిగా నమ్మినవారు ఉంటారు. ఎన్నేళ్లకు వచ్చిందో చెప్పి అదే గడువు మరొకరికి ఇవ్వకండి. కూటం అయ్యాక ఆ వెనక వరుసలో కూర్చున్నవారి దగ్గరికి వెళ్లి, దేనికోసం కనిపెడుతున్నారో అడిగి, ఆ పేరు రాసుకోండి.